అత్త చేతికొచ్చిన చీటీ

ధర్మవరంలో మా నేతవీధి ఆడవాళ్లతో పరిశోధనకని మాట్లాడి వెళ్లిన అమ్మాయి నెల తర్వాత మళ్లీ వచ్చింది. మేము చెప్పినవాటిని పేర్లు తీసేసి చీటీల మీద రాసుకొచ్చింది. వాటి అర్థం తానొక్కతే తేల్చడం న్యాయం కాదట, మేమూ కూర్చుని తేల్చాలట. నేసే పని చాలదని ఇదొకటి తగిలించింది అనుకుని నవ్వుకుంటూ వెళ్లాను. పక్కన మా అత్త వచ్చి కూర్చోగానే నవ్వు పోయింది.

ఒక్కో చీటీ ఒక్కొక్కరి చేతికిచ్చి, పైకి చదివి వినిపిస్తుంది. ఆ చీటీ పట్టుకున్నవాళ్లు దాన్ని రెండు కుప్పల్లో ఒకదానిలో వేయాలి. ఒకటి మగవాళ్లకు వినిపించాల్సినవి, రెండోది మాలోనే ఉండాల్సినవి. మొదటి కుప్ప సాయంత్రం మీటింగుకు పోతుంది. ఆ మీటింగుకు మా ఆయన వస్తానన్నాడు.

కరెంటు కోతల గురించి, కళ్లు మసకబారడం గురించి కొన్ని చీటీలు అయ్యాయి. తర్వాతది అత్త చేతికిచ్చి ఆ అమ్మాయి చదివింది.

“గుంత మగ్గంలో కూర్చుని కూర్చుని నా కాళ్లు వాచిపోయినాయి. నా బిడ్డను ఆ గుంతలో దింపను. వాళ్ల నాయనకు తెలీకుండా అనంతపురం కాలేజీలో చేరుస్తాండా.”

అవి నా మాటలే. పేరు తీసేస్తే చాలనుకుంది పాపం ఆ పిల్ల. వాచిన కాళ్లెవరివో మా వీధిలో పసిపిల్లలకూ తెలుసు. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను. ఆయన చెవిన పడితే నా కూతురి చదువు అక్కడితో సరి, రేపే మగ్గం దగ్గర కూర్చోబెడతాడు. అత్త ఏనాడూ కొడుకు మాట కాదన్న మనిషి కాదు. ఆమె నా పాదాల వైపు చూసింది.

“యాడ వేస్తావత్తా?” అని పక్కింటామె తొందరపెట్టింది.

“ఉండమ్మా, చూడనీ.”

చదువు రాని మనిషి ఆ చీటీలో ఏం చూస్తోందో నాకు తెలియలేదు.

“ఇది ఆడోళ్ల మాట. ఈడే ఉండనీ,” అని రెండో కుప్పలో వేసింది.

భయం తగ్గకపోగా పెరిగింది. మీటింగులో చెప్పకపోతేనేం, ఇంట్లో చెప్పొచ్చుగా. ఇంటికొచ్చాక ఆమె గడప దగ్గర ఆగింది. లోపల మా ఆయన నేస్తున్న చప్పుడు వినబడుతోంది.

“ఎప్పుడు చేర్చల్ల?” అని మెల్లగా అడిగింది.

అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. “సోమవారం,” అన్నాను.

“గుడికని చెప్పి నేను పిల్చుకపోతా. నీవు మగ్గం కాడే ఉండు. నీవు కనపడకపోతే వానికి అనుమానమొస్తాది.”