ఐసు ఫ్యాక్టరీ నీళ్లకు నా వైద్యం

డిగ్రీని కిరీటంలా నెత్తిన పెట్టుకు తిరిగిన రోజులవి. బి.ఎస్సీ. రసాయన శాస్త్రం ప్యాసై, గుంటూరు పక్కన మా బాబాయి ఐసు ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాను. (అక్కడ కెమిస్టుకు పనేమిటో బాబాయికీ తెలియదు, నాకూ తెలియదు.) ఐసు యంత్రాల్లో తిరిగే అమ్మోనియా కొంత కడిగిన నీళ్లలో కలిసి, ముక్కులదిరే ఘాటుతో వెనక కాలవలోకి పోయేది. ఐసు కొనడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటున్నారని బాబాయి గోల. "ఏదో ఒకటి చెయ్యరా. కరెంటు మాత్రం ఎక్కువ కాలకూడదు" అన్నాడు. ఆయనకు ఫ్యాక్టరీలో బల్బు వెలిగినా ప్రాణం విలవిల్లాడేది.

పాత టార్చి సెల్సు పగలగొట్టి, అందులోని బొగ్గు కడ్డీలను నీళ్ల తొట్టిలో వేలాడదీసి, లారీ బ్యాటరీ తగిలించాను. ఉప్పునీళ్లలో కరెంటు పారితే క్లోరిన్ పుట్టి అమ్మోనియాను విరగ్గొడుతుంది. ఉప్పు ఎంత ఎక్కువైతే కరెంటు అంత తక్కువ సరిపోతుంది. ఐసు గడ్డకట్టించడానికి తెచ్చిన ఉప్పు బస్తాలు పక్కనే ఉన్నాయి. ఇంకేం, గుమ్మరించాను. వారానికల్లా వాసన పోయింది. బాబాయి నన్ను గేటు దగ్గర నిలబెట్టి వచ్చేపోయేవాళ్లకు చూపిస్తుంటే, సిగ్గులేకుండా నిలబడ్డాను.

పదిహేను రోజులకు పక్క చేను అత్త వచ్చింది. (చుట్టరికమేం లేదు, అందరికీ అత్తే.) చేతిలో ఆకుల అంచులు మాడిన మిరప మొక్క.

"ఏం కలిపావురా నీళ్లలో?"

"కలపలేదత్తా, తీసేశాను. అమ్మోనియా పోయింది, ఇప్పుడవి శుద్ధమైన నీళ్లు" అని సమీకరణం కూడా చెప్పబోయాను.

"ఆ కంపు నీళ్లు కాలవలో కలిసొచ్చే, ఎరువు వేయకుండా నా తోట ఇంత ఏపుగా పెరిగింది. నీ శుద్ధమైన నీళ్లలో వేలు ముంచి నాకి చూడు."

నాకాను. అచ్చం సముద్రమే. ఎరువును గాలికి వదిలేసి, తోటకు ఉప్పు పెట్టిన మేధావిని నేను. బాబాయి "వాడు చదువుకున్నోడమ్మా, వాణ్ణే అడుగు" అంటూ లోపలికి జారుకున్నాడు.

ఆ సాయంత్రమే తొట్టి పీకేశాను. మర్నాటి నుంచి అత్త బావి దగ్గర మోట తోలుతూ, పార పట్టి మడవలు మారుస్తూ, ఉప్పు కడుక్కుపోయేదాకా తోటకు మంచినీళ్లు పెట్టాను. సగం తోట బతికింది. కోతలయ్యాక అత్త బుట్టెడు పండు మిరపకాయలు పంపుతూ, "పచ్చడిలో ఉప్పు వేసుకోవద్దను, కాయలోనే ఉంది" అని కబురు పెట్టింది.

డిగ్రీ కిరీటంతో తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. అంతలోనే పార పట్టి బొబ్బలెక్కిన వాడి అరచేతులు గుర్తొస్తాయి, పోనీలే అని వదిలేస్తాను.