గాలి మీద వేసిన నేరం

మూఢనమ్మకాల మీద నలభై ఏళ్లు రాశాను. వాటిలో ఒకదాన్ని పుట్టించింది మాత్రం నేనే. అది మోస్తూనే మిగతావాటి మీద రాశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అరవైల చివర టెక్కలిలో మాస్టరుగా ఉండేవాణ్ణి. ఒక ఆదివారం నా భార్యనూ కూతుర్నీ తేలినీలాపురం తీసుకెళ్లాను. ఏటా ఎక్కడినుంచో గూడబాతులు వచ్చి అక్కడి చింతచెట్ల మీద పిల్లల్ని చేస్తాయి. అవి వెళ్లేదాకా ఊళ్లో ఎవరూ కాయ కోయరు. నా భార్యకప్పుడు ఐదో నెల. చింతకాయ తినాలని ఉందంది. ఒక ముసలమ్మ పెరట్లో చెట్టుంటే అడిగాను. ఆ పక్షులు పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలనీ, కొమ్మ కదపకూడదనీ చెప్పి, మాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

పక్షికి పుట్టిల్లేమిటి? కాయలు కోసే దోటి గోడకు చేరేసి ఉంటే అందుకున్నాను. చింతకాయ కోసమా? కాదు. ఆమెతో మొదలుపెట్టని వాదన గెలవడం కోసం.

రాలిన కాయలు నా భార్య కొంగులో వేసుకుంటుండగా కొమ్మ విరిగింది. గూటితోపాటు రెండు పిల్లలు రాళ్ల మీద పడ్డాయి. ఒకటి వెంటనే పోయింది. రెండోది కాసేపు నోరు తెరుస్తూ ఉంది. దోటి ఎప్పుడు మళ్లీ గోడకు చేర్చానో గుర్తులేదు.

"ఏటైంది బాబూ?" నీళ్ల చెంబుతో ముసలమ్మ బయటికొచ్చింది.

"గాలికి విరిగిందమ్మా."

ఆమె పైకి చూసింది. ఒక్క ఆకు కదలడం లేదు.

"గాలి కాదు బాబూ. నా పాపమే. మొన్న మా కోడల్ని నోటికొచ్చినట్టు అనేసినాను. నిండుసూలాలు. ఏడుసుకుంటూ కన్నోరింటికి ఎల్లిపోనాది. అదే తగిలింది."

ఒక్క మాట చాలు. కార్యకారణ సంబంధం గురించి గంటలకొద్దీ మాట్లాడగల నాకు, కళ్లెదుట ఉన్న ఆ కార్యానికి కారణం నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. తిరుగుదారిలో నా భార్య కొంగులోని కాయలు ఒక్కొక్కటే పారేసింది.

మరుసటేడు ఆ ఊరి మనిషొకాయన చెప్పాడు. కోడలు బిడ్డతో తిరిగొచ్చిందట. ముసలమ్మ మాత్రం మనవణ్ణి ఎత్తుకోదట, తన చేతి పాపం పసివాడికి అంటుతుందని. బస్సెక్కితే గంటలో వెళ్లి చెప్పగలిగేవాణ్ణే. వెళ్లలేదు. పైగా పలాసలో మూఢనమ్మకాల మీద పెట్టిన సభలో ఆమెనే అజ్ఞానానికి ఉదాహరణగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. కొడుతుంటే ఆపమనలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. క్షమించమని ఎవర్ని అడగను? ఆ మనవడు ఎక్కడో ఉండే ఉంటాడు. నాయనమ్మ తనను ఎందుకు ముట్టుకోలేదో అతనికి ఎవరేం చెప్పారో తెలియదు. ఆమె చేతులకు ఏ పాపమూ లేదు. కొమ్మ విరిచింది నేను. ఈ వాక్యం రాయడానికి నాకింత కాలం పట్టింది.