మా డాక్టరు గారి కంప్యూటరుకు తాళం వేసినవాళ్లు

మా డాక్టరు గారు పోయారు. పొద్దున్నే నాచారంలో మా వీధి చివర పాలబూత్ దగ్గర నిలబడి ఉంటే ఎదురింటాయన సైకిల్ ఆపి చెప్పాడు. "సార్, డాక్టర్ సాబ్ ఇంక లేడంట. గుండె ఆగిపోయిందంట." పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇవాళ్టికీ అది తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు మన్నించినా సరే, మన్నించకపోయినా సరే.

మర్నాడు పేపర్లో ఓ మూల చిన్న వార్త వేశారు, కంప్యూటరుకు వైద్యం నేర్పిన ఆచార్యుడు కన్నుమూత అని. వేసినవాళ్లకో దండం. ఆ కంప్యూటరున్న గదికి రెండేళ్లుగా తాళం పడి ఉందనీ, ఆ తాళం తీయమని అడిగీ అడిగీ ఆయన పోయారనీ ఒక్క ముక్క రాయలేదు. రాయరు కూడా. పోయినవాళ్లను పొగడటానికి ఖర్చేముంది?

ఆయన ఒక వైద్య కళాశాలలో మెడిసిన్ చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి ముందుగదిలో చుట్టుపక్కల ఫ్యాక్టరీల కార్మికులను చూసేవారు. నేను ప్రభుత్వ రంగ సంస్థలో ప్రోగ్రాములు రాసే ఇంజనీరుని, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్ని. ఒకే వీధిలో ఉంటున్నా ముఖపరిచయం తప్ప మాటల్లేవు. ఓ ఆదివారం ఆయన చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి, కూర్చోమనకముందే కూర్చుని, బైబిలు పక్కన పెట్టుకుని అడిగారు.

"తమ్మీ, నువ్వు కంప్యూటర్ల పని జేస్తవంట గద. దానికి దగ్గంటే ఏందో తెలుసా?"

"తెలియదండీ. మనం చెప్పిందే దానికి తెలుస్తుంది" అన్నాను.

"గదే బాధ. మా కాలేజీల పొరగాండ్లకు సుత గంతే తెలుస్తది. జర చాయ్ దెప్పియ్యి, చెప్త."

ఆయన చెప్పింది ఇదీ. విదేశంలో పనిచేసే పెద్దమనిషి ఎవరో ఆ కాలేజీకి ఒక ప్రోగ్రాము తెచ్చి ఇచ్చాడు. రోగి లక్షణాలు టైప్ చేస్తే జబ్బుల పేర్లు వరుసగా చెబుతుంది. మేము ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అనేవాళ్లం, పత్రికలవాళ్లు కృత్రిమ మేధ అని గొప్పగా రాసేవాళ్లు. నాచారం మిల్లులో పనిచేసే ఒకతను వారాల తరబడి దగ్గుతో కాలేజీ ఆసుపత్రికి వచ్చాడు. సాయంత్రమైతే జ్వరం, మనిషి చిక్కి సగమయ్యాడు. ఆ ప్రోగ్రాము మన వైపు అరుదుగా కనిపించే ఊపిరితిత్తుల జబ్బు పేరొకటి అన్నిటికన్నా పైన పెట్టి, క్షయను ఎక్కడో కింద పడేసింది. పాపం దాని తప్పేముంది, అక్కడి రోగులను చూసి నేర్చుకుంది. తప్పంతా మనవాళ్లది. క్లాసులో ఉన్న పిల్లలందరూ ఆ పైనున్న పేరే బుద్ధిగా రాసుకున్నారు. క్షయ అని నోరు విప్పినవాడు ఒక్కడు లేడు.

"గది ఒక్కనాడు సుత నాచారం బస్సెక్కలే తమ్మీ! వీళ్లు రోజూ ఎక్కుతరు. పక్క సీటోడు దగ్గుడు రోజూ ఇంటరు. అయినా దాని మాటే నమ్మిరి!" బల్ల మీద ఒక్కటేశారు, చాయ్ ఒలికింది. నాకు నచ్చింది ఆ కోపమే.

ఆ రోజు నుంచి మా ఆదివారాలు ఆయనవే. చర్చి అయ్యాక ముందుగదిలో కూర్చుని, మన రోగులకు సరిపోయే కొత్త ప్రోగ్రాము ఆయన చెబుతుంటే నేను కాగితం మీద రాసేవాణ్ని, తర్వాత కాలేజీ కంప్యూటరులోకి ఎక్కించేవాణ్ని. లోపలి నుంచి వదినగారు, అంటే ఆయన భార్య, ఉప్మా పంపుతూ "ఇంక ఎన్నిరోజులు పడ్తది మీ మిషనుకు బుద్ధి రానీకి" అని నవ్వేవారు. ఆమె బడిలో లెక్కల టీచరు. నేను రాసిన వరసలో ఎక్కడ మెలిక పడిందో నాకన్నా ముందు పట్టుకునేవారు.

ఆయనతో పని చేయడం అంత సుఖమేం కాదు. రోగి నీరసం అన్నాడని నేను నీరసం అని రాస్తే గయ్యిమనేవారు. "నీరసం అంటే ఏంది? బిందె ఎత్తలేకపోతుండా, షిఫ్టు జెయ్యలేకపోతుండా? మనిషి ఏం చెప్పిండో కాదు, ఏం జెయ్యలేకపోతుండో అడుగు." ఒక్కో ప్రశ్నను పదిసార్లు తిరగరాయించేవారు. ఒకసారి విసుగొచ్చి కాగితాలు అక్కడే వదిలేసి లేచి వచ్చేశాను. సాయంత్రం ఆయనే మా గేటు దగ్గర నిలబడి "గుంటూరాయనకు కారం ఎక్కువైందా, జర దిగిందా?" అన్నారు. దిగక ఏం చేస్తుంది!

ఆ ప్రోగ్రాములో ఆయన పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. విద్యార్థి తన ఊహ ఏమిటో, ఎందుకో ముందుగా టైప్ చేయాలి. అప్పటిదాకా కంప్యూటరు జవాబు చెప్పదు. "ముందు నువ్వు నోరు దెరువు, తర్వాత అది దెరుస్తది" అనేవారు. పిల్లలు గొణిగేవాళ్లు. జవాబు తెలిసిన మిషను ఎదురుగా ఉండగా మేమెందుకు తల బద్దలు కొట్టుకోవాలని ఒకడు అడిగేశాడు. "రేపు కరెంటు పోతది బిడ్డా. రోగి పోకూడదు గద" అన్నారాయన.

ఇంకో వింత ఏమిటంటే, ప్రోగ్రాము తప్పు చెబితే ఆయనకు పండగే. ఓసారి కడుపునొప్పితో ఒక కార్మికుడు వచ్చాడు, మెలిపెట్టే నొప్పి, ముఖం పాలిపోయి ఉంది. మా ప్రోగ్రాము అల్సర్ అంది. అన్నోజిగూడ నుంచి బస్సులో వచ్చే విద్యార్థిని ఒకమ్మాయి మాత్రం ఆగి "అన్నా, నువ్వేం పని జేస్తవ్?" అని అడిగింది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పనట. ఆ నొప్పి సీసం ఒంట్లోకి ఎక్కడం వల్ల వచ్చిందని రక్తపరీక్షలో తేలింది. డాక్టరు గారి సంబరం చూడాలి! ఆ అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చి వదినగారి చేత బిర్యానీ వండించారు. ఆ ప్రశ్నను ఆ అమ్మాయి చేతే టైప్ చేయించారు. అలా తప్పు పట్టినప్పుడల్లా ప్రోగ్రాముకు ఒక ప్రశ్న పెరిగేది, పట్టినవాళ్లకు జీవితాంతం గుర్తుండేది.

అదే ఆయన కొంప ముంచింది. కాలేజీని తనిఖీ చేయడానికి పెద్దలు వచ్చారు. కంప్యూటరు గదికి కొత్త కర్టెన్లు కట్టారు, ఏసీ పెట్టారు, చెప్పులు బయట విడవమని బోర్డు తగిలించారు. ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ తలుపు తీశారు. మా డాక్టరు గారు ఏం చేశారు? ప్రోగ్రాము తప్పు చెప్పిన కేసును ఎంచి మరీ చూపించారు. "ఇదిగో, ఇక్కడ తప్పింది. ఎందుకు తప్పిందో మా పిల్లలు చెప్తరు, వినుర్రి" అన్నారు. వచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది.

వాళ్లు వెళ్లిన సాయంత్రమే గదికి తాళం పడింది. "తప్పు చెప్పే మిషన్‌ను పిల్లల ముందు ఎలా ఉంచుతామండీ?" అన్నాడట ప్రిన్సిపాల్. "తప్పు జెప్పే మనల్ని ఉంచిన్రు గద!" అన్నారట ఈయన. దాంతో ఉన్న దారి కూడా మూసుకుపోయింది.

మా ఇంట్లో కంప్యూటరు లేదు, ఆయన ఇంట్లోనూ లేదు. ఆ రోజుల్లో మాలాంటివాళ్లు కొనుక్కునే వస్తువా అది? ప్రోగ్రాము ఉన్నది ఆ గదిలోనే. రెండేళ్లు తిరిగారాయన. వారానికి ఒక్క గంట చాలన్నారు, నేనే నిలబడి ఉంటానన్నారు. చూద్దాం, చేద్దాం, కమిటీలో పెడదాం! ఎవరైనా పెద్దలొస్తే మాత్రం తలుపు తీసి దూరం నుంచి చూపించి మళ్లీ మూసేవాళ్లు. ఆ రెండేళ్లలో ఎంతమంది పిల్లలు ఎన్ని తప్పులు పట్టేవాళ్లో, ఎన్ని ప్రశ్నలు చేర్చేవాళ్లో! తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆయన మీదా కోపముంది నాకు. పోయే ముందు వారం రోజులు పొట్ట పైభాగంలో మంట, దవడ కింద లాగుతున్నట్టు నొప్పి. గ్యాస్ అన్నారు, తెల్లమందు తాగారు, పాఠాలకు వెళ్లారు. దవాఖానకు పోదామని వదినగారు పట్టుబడితే "నేనే దవాఖాన" అని నవ్వారట. ఊరందరినీ తరచి తరచి అడిగిన మనిషి తనను తాను ఒక్క మాట అడుక్కోలేదు. ఇదేం న్యాయమండీ!

పోయిన మనిషి ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. రామంతాపూర్ నుంచి, నారపల్లి నుంచి ఆయన రోగులు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. ప్రిన్సిపాల్ కూడా వచ్చాడు. మైకు ముందు గొంతు వణికించి మరీ మాట్లాడాడు. ఆ కంప్యూటరు గదికి డాక్టరు గారి పేరు పెడుతున్నామని, పాలరాతి పలక చెక్కిస్తున్నామని ప్రకటించాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నేను లేచి ఏదో అనబోతున్నాను, అంతలో ముందు వరుసలో వదినగారు లేచారు.

"పేరు వద్దు సార్. చాబీ ఇయ్యుర్రి."

ప్రిన్సిపాల్ సర్దుకుని "అమ్మా, అది సంస్థ ఆస్తి, దానికో పద్ధతి..." అన్నాడు.

"పద్ధతి రెండేండ్లు చూసిన. పలక మీద ఆయన పేరు చదివేటందుకు ఆ పిల్లలు డాక్టర్లయితలేరు. చాబీ ఇయ్యుర్రి."

ఆమె కూర్చోలేదు. వెనక ఆ అన్నోజిగూడ అమ్మాయి లేచి నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు, రోగులతో సహా. అంతమంది ఎదుట ఆయన కాదనలేకపోయాడు. సోమవారం తీయిస్తానన్నాడు, తీయించాడు.

సోమవారం చెప్పులు బయట విడిచి అందరం లోపలికి వెళ్లాం. దుమ్ము కప్పుకున్న గుడ్డ తీసి మీట నొక్కితే అదృష్టం బాగుండి వెలిగింది. వదినగారు రోగి కుర్చీలో కూర్చుని, "కేసు నేను చెప్త. మీ సారుది" అన్నారు. అన్నోజిగూడ అమ్మాయి కీబోర్డు ముందు కూర్చుంది. మంట, దవడ నొప్పి, వయసు, అన్నీ ఎక్కించింది. నడిస్తే నొప్పి పెరుగుతుందా అని ప్రోగ్రాము అడిగింది. "పెరగదు అంటుండె" అన్నారు వదినగారు. పెరగదు అని కొట్టింది. తన ఊహ అడిగితే, గుండె అని రాసింది. ప్రోగ్రాము అన్నిటికన్నా పైన గ్యాస్ అని చూపించింది.

నాకు ఆ డబ్బాను ఎత్తి నేలకు కొట్టాలనిపించింది. అందులో ప్రతి అక్షరం నేను రాసిందే.

వదినగారు మాత్రం తెర వైపు లెక్కల టీచరు చూపు చూసి అన్నారు. "తప్పింది బిడ్డా. ఇంకేమడగాల్నో సూడు."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వదినగారి వైపు తిరిగింది. "అమ్మా, సార్ మెట్లు ఎక్కేటప్పుడు నడుమల ఆగుతుండెనా?"

"ఆగుతుండె. ఏందయ్యా అంటే, చెప్పు పట్టీ సరిజేస్కుంటున్న అంటుండె."

ఎలాగో చూపించడానికి వదినగారు లేచి, ముందుకు వంగారు. ఆమె కాలికి చెప్పు లేదు. ఉత్త పాదం మీద చెయ్యి పెట్టి, ఊపిరి తీసుకుంటూ, అలాగే కాసేపు వంగి ఉన్నారు.