దొరకు నచ్చిన ఎత్తు సీటు

నేను పగను మరిచిపోయే మనిషిని కాను. మరిచిపొమ్మని మా పాస్టరుగారు ఆదివారం ఆదివారం చెప్పేవారు. ఆయన ముందు తలూపేదాన్ని, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. కాబట్టి నేను రాసే దీంట్లో క్షమాగుణం కోసం ఎవరూ వెతకవద్దు.

పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్లకు సికింద్రాబాదులో ట్రాక్టర్లు అమ్మే ఒక దుకాణంలో టైపిస్టుగా చేరాను. మిషన్ బోర్డింగులో చదువుకున్నాను కనుక ఇంగ్లీషు వచ్చు. మా మేనేజరు మద్రాసు మనిషి, తెలుగు రెండు ముక్కలు కూడా రావు. కొనడానికి వచ్చే పటేళ్లకూ దొరలకూ ఇంగ్లీషు రాదు. ఆయన మాటలు వాళ్లకూ, వాళ్ల మాటలు ఆయనకూ చెప్పడంతోనే నాకు సగం రోజు గడిచిపోయేది.

ఒకరోజు పొద్దున్నే మా ఊరి దొర వచ్చాడు. మిలిటరీ వచ్చిందనగానే కోటలాంటి తన గడీ వదిలేసి పద్మారావు నగర్‌లో అద్దెకు దిగిన మనిషి, నిజాం నాటి రూమీ టోపీ తీసేసి కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ ఊరికి రాకపోకలు మొదలుపెట్టాడు. నేను నడక చూసే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆయన ఎదుట మా ఊరంతా వంగే ఉండేది. మా నడినెత్తులు తప్ప ముఖాలు ఆయన ఏనాడూ చూసి ఎరగడు.

నా చిన్నతనంలో, చెరువు తూము ఎత్తిన రోజుల్లో, మా నాయన ఒక పూట వెట్టికి ఎద్దులను తోలలేదు. ముందు మా మడి దున్నుకుని వస్తానని కబురు పంపాడు. అంతే, దొర ఆయన్ను గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తించాడు. నేను చెంబుతో నీళ్లు తీసుకుపోతే ఆ చెంబును తన్నించాడు. నాయన నడుము ఆ తర్వాత ఎప్పటికీ సరిగ్గా నిలవలేదు.

అలాంటి మనిషి మా దుకాణంలో కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"చెర్వు కింది పొలమంత సొంత సాగు చేస్త. ట్రాక్టరొస్తె కౌల్దార్లను లేపొచ్చు. కానూన్‌ల సుత ఉన్నదట. మంచి బండి ఏదో చెప్పుమను."

సొంత సాగు చేస్తానంటే కౌలుదార్లను ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకుంటుందని ఆయన ధీమా. ఆ చెరువు కింద మా నాయన కౌలుకు చేసే మడి ఉంది. మా ఇంటికి అదొక్కటే ఆధారం. ఆ మాటలను నా నోటితోనే ఇంగ్లీషులో మేనేజరుకు చెప్పాను.

మేనేజరు రెండు బండ్లు చూపించాడు. రెండూ మధ్యరకమే, రెండింటి జోరూ ఇంచుమించు ఒకటే. ఒకటి పొట్టిగా, తేలికగా ఉంటుంది. సీటు పక్కనున్న మీట లాగితే వెనక నాగలి దానంతటదే లేస్తుంది. రెండోది పొడుగ్గా, బరువుగా ఉంటుంది. నాగలిని వెనకాల కొక్కేనికి తగిలించి ఈడ్చుకుపోతుంది. మీ పొలం ఎలాంటిదని మేనేజరు అడిగించాడు. నీళ్లు నిలిచే తరి పొలమని దొర చెప్పాడు. అయితే పొట్టిదే తీసుకోండి, బరువుది నల్లరేగడి మెట్టకు పనికొస్తుంది గాని మడిలో దిగబడుతుంది అన్నాడు మేనేజరు. నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నిజానికి అబద్ధం చెబుదామనే ఉంది. కానీ అబద్ధం ఎప్పుడైనా బయటపడుతుంది, నా ఉద్యోగం కూడా పోతుంది. దొర పొట్టిదాని వైపే మొగ్గాడు. మా మడి చేజారిపోతున్నట్టే అనిపించింది.

నడిపి చూస్తానంటే తిరుమలగిరి దగ్గర ఖాళీ జాగాకు తీసుకెళ్లాం. గట్టినేల కదా, రెండూ బ్రహ్మాండంగా పరుగెత్తాయి. దొర పొట్టిదాని మీద కూర్చుని ఉండగా మా డ్రైవరు మీట చూపించడానికి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇద్దరి తలలూ ఒక్క ఎత్తున ఉన్నాయి. అది చూశాక నాకేం చేయాలో తెలిసింది. ఆ మనిషిని మళ్లీ దొరా అని పిలవకూడదని ఎన్నడో ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పక్కనపెట్టి ఎంతో వినయంగా అన్నాను.

"దొరా, గీ చిన్నదాని మీద కూసుంటె పక్కన నిలబడ్డ జీతగాడు సుత మీకు సమానంగ కనబడుతుండు."

ఆయన డ్రైవరు తలవైపు ఒకసారి చూశాడు. వెంటనే దిగి, వెళ్లి పొడుగుదాని మీద ఎక్కి కూర్చున్నాడు. అక్కడినుంచి మా అందరి నెత్తులూ తీరిగ్గా చూసుకుని, ఇదే కావాలన్నాడు. మేనేజరు ఆదుర్దాగా, దిగబడుతుందని మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి ఇంకా గట్టిగా చెప్పాను. బురద సంగతి తనకే నేర్పుతావా, ఆ పొలం తాతలనాటి నుంచి తమదని దొర నవ్వాడు. ఆయన కాలు ఆ బురదలో ఎన్నడూ పడలేదని నాకు తెలుసు.

వానలు పడ్డాక నాయన బొల్లారంలో మా మేనత్త ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉండేదాన్ని. ట్రాక్టరు మొట్టమొదట మా మడిలోకే దించారట. ఊరంతా చూడాలని దొర తానే సీటు మీద కూర్చున్నాడట. మడి సగం దాటకముందే చక్రాలు ఇరుసుదాకా దిగబడిపోయాయి. తొయ్యండని కేకలేస్తే గట్టు మీది కౌలుదార్లు ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆయనే బురదలోకి దిగి, జెర చెయ్యేయుండ్రి అని బతిమాలాడట. వింటుంటే నా ప్రాణం లేచొచ్చింది.

అయితే దాన్ని అక్కడే తుప్పు పట్టనిచ్చారా అని ఆశగా అడిగాను. లేదు, దున్నపోతులను కట్టి గుంజేశామన్నాడు. నాకు ఒళ్లు మండింది. దొర బండి మీరెందుకు గుంజారని నిలదీశాను.

"మడి నడుమ గది ఉంటె మేం నాట్లెట్ల ఏస్తం బిడ్డా?" అన్నాడు.

ఆ ఏడు నాట్లు కౌలుదార్లే వేశారు. ట్రాక్టరు గడీ వెనకకు చేరింది. మళ్లీ మడిలో దించే ధైర్యం దొరకు రాలేదు, కౌలుదార్లను లేపే మాటా ఎత్తలేదు.

అప్పుడు తిరుమలగిరిలో నేనన్న మాట నాయనకు చెప్పాను. పాస్టరుగారిలా కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన నడుము మీద చెయ్యి వేసుకుని, గోడకు ఆనుకున్నాడు.

"ఇంకోపారి అస్తె గంతకన్న ఎత్తుది సూపెట్టు" అన్నాడు.