లారీ డ్రైవర్‌కు పెట్టిన పులిహోర

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా నేనే చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. (ఇంకెవరూ చెప్పేవారు కాదు కనుక ఆ పని కూడా నా మీదే పడింది.) కిరండూల్ ఇనుప గనిలో కొత్త ఉద్యోగం, అత్తయ్యగారి క్వార్టర్లో మకాం, ఆ ఇంట్లోనే మరదలు. మా పెళ్ళికి పెద్దవాళ్ళు ఎప్పుడో తలూపేశారు. ఊపనిదల్లా ఆవిడే. ఒకరోజు వంటింట్లో బల్లిని చూసి నేను స్టూలెక్కడం ఆవిడ కంటపడింది. "దయ్యాల రాళ్ళ దగ్గర కూర్చుని అన్నం తిను బావా. పారిపోకుండా తింటే అప్పుడు సరే అంటాను" అంది. అలా నా జీవితమంతా ఒక పూట భోజనం మీదికొచ్చి ఆగింది.

దయ్యాల రాళ్ళంటే దంతేవాడ రోడ్డు పక్కనున్న పాత సమాధులు. ఏ తరాలవో ఎవరికీ తెలియని నిలువెత్తు రాళ్ళు, వాటి పక్కనే ఈమధ్య పోయినవాళ్ళ కోసం నిలబెట్టిన రంగుల పలకలు. అక్కడి మాడియా గిరిజనులు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆ పలకల మీద బొమ్మలుగా గీయిస్తారు, వాళ్ళు వాడుకున్న వస్తువులు కొన్ని అక్కడే వదిలేస్తారు. మా కాలనీవాళ్ళు మాత్రం అటువైపు తొంగి చూసేవారు కాదు. పట్టపగలే అక్కడ సైకిల్ బెల్లు మోగుతుందనీ, తొక్కేవాడు మాత్రం కనపడడనీ చెప్పుకునేవారు.

ఆదివారం మధ్యాహ్నం మరదలిని స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరాను. పులిహోర డబ్బా ఆవిడ ఒళ్ళో, అత్తయ్యను రహస్యంగా అడిగి తెచ్చుకున్న నిమ్మకాయలు నా జేబుల్లో.

అక్కడ ఒక పలక ముందు ఆగిపోయాను. దాని మీద నల్ల కళ్ళద్దాల మనిషి, చేతికి గడియారం, పక్కన ఒక లారీ, ఒక నెమలి. ముందు వాడిన పూలు, ఆకుదొన్నె. నిలబెట్టిన రాయి, దాని ముందు పూలు కనిపిస్తే మనవాళ్ళ చేతులు వాటంతటవే దణ్ణం పెట్టేస్తాయి కదా! ఎవరో ఇక్కడి దేవుడు, కాస్త ఆధునికుడు, అనుకున్నాను. కొత్త చెప్పులు మరదలి పక్కన విప్పి, ప్రదక్షిణలు చేసి, పులిహోర మొదటి ముద్ద నైవేద్యం పెట్టి, కళ్ళు మూసుకుని (ఆవిడకు వినపడాలని కాస్త గట్టిగానే) "స్వామీ, ఈ పిల్ల చేత సరే అనిపించు" అని వేడుకున్నాను.

రాయి వెనక ఎవరో దగ్గారు. వెంటనే సైకిల్ బెల్లు మోగింది.

ఆ తరవాత నా కాళ్ళు నన్నేమీ అడగలేదు. పొలాల గట్లు దాటి, ఇప్పచెట్లు దాటి, ఎక్కడో ఊపిరందక ఆగి వెనక్కి చూస్తే, మరదలు ఒక్కతే ఆ రాళ్ళ మధ్య నిలబడి ఉంది. చేతికందిన ఎండుకొమ్మ పట్టుకుని, నోటికొచ్చిన దేవుళ్ళందరి పేర్లూ అరుస్తూ మళ్ళీ అటే పరిగెత్తాను.

అక్కడ దయ్యం పగలబడి నవ్వుతోంది. మెడలో తువ్వాలు, చేతిలో ఇప్పసారా సీసా. పోయిన అన్నకు రెండు చుక్కలు పోశాకే తను తాగుదామని వచ్చి, రాయి నీడన నడుం వాల్చిన పెద్దమనిషి ఆయన. పక్కనే అన్నగారి పాత సైకిలుకు ఒక మేక ఒళ్ళు రుద్దుకుంటోంది. అది రుద్దినప్పుడల్లా బెల్లు మోగుతోంది.

"అరె సారూ, గీయన దేవుడు గాదు. మా అన్న. లారీ డ్రైవర్" అన్నాడు. మిరపకాయల కోతకు భద్రాచలం వైపు వెళ్ళి నేర్చుకున్న తెలుగట. "బతికినన్ని దినాలు ఇంట్ల ఒక్క పని జెయ్యలే. ఇప్పుడు నీ పెండ్లి జేస్తడా ఏంది?"

నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆయన గొంతు మెత్తబడింది. "గానీ మా అన్నకు బువ్వ బెట్టినవ్. బువ్వ బెట్టినోడు మాకు పరాయోడు గాదు. పండుగకు కోడి పట్టుకొని రావాలె, ఈ పిల్లను గూడ తోల్కరా." మరదలి వైపు తిరిగి, "ఉరికిండు బిడ్డా, నిజమే. మల్ల వచ్చిండు గద!" అన్నాడు.

మరదలు కాసేపు నా చేతిలోని కొమ్మ వైపు చూసింది. "కూర్చో బావా, తిందాం" అంది. ముగ్గురం అక్కడే తిన్నాం. తిరిగొస్తుంటే స్కూటర్ వెనక నుంచి "సరే" అని వినిపించింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పెళ్ళయ్యాక ఏటా కోడితో వెళ్తూనే ఉన్నాం. ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ ఒకటే తగువు. తన కోసం తిరిగొచ్చానని నేను, కొత్త చెప్పుల కోసం వచ్చావని ఆవిడ. ఆ పెద్దాయన పోయాడని తెలిసినప్పుడు సొంత మామయ్య పోయినట్టే ఏడ్చాను. ఈ ఏడు వెళ్తే, అన్న పక్కనే ఆయన పలక. దాని మీద మేక, సీసా, ఎర్రటి మిరపకాయలు, కింద ఒక మూల కొమ్మ పట్టుకుని పరిగెత్తుతున్న కుర్రాడు, ఎదురుగా నవ్వుతున్న పిల్ల. పోకముందు ఆయనే ఇంట్లోవాళ్ళకు చెప్పి పెట్టాడట, ఆ బొమ్మ తప్పకుండా వేయించమని.

"చూశావా, నీ వైపే వస్తున్నాను" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వంగి, బొమ్మలోని పిల్ల పాదాల దగ్గర వేలు పెట్టి చూపించింది. అక్కడ ఒక జత చెప్పులు కూడా గీసి ఉన్నాయి. నా మోకాళ్ళు ఇప్పుడు క్వార్టర్ మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి. ఆ కుర్రాడు మాత్రం పిల్ల వైపో, చెప్పుల వైపో, ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు.