పైడమ్మత్త తెచ్చిన మొవ్వు కూర

మలేసియాలోని మా సుంగై పెటాని సంతలో నీళ్ల గిన్నెలో తేలే తెల్లటి మొవ్వు ముక్కలు కనిపిస్తే నేను దారి మార్చుకుని పోతాను. ఈ ఉదయం తప్పించుకోలేకపోయాను. లేత కొబ్బరి లాంటి ఆ పచ్చి వాసన తగలగానే మనసులో మళ్లీ పైడమ్మత్త ముందు తలవంచుకుని నిలబడ్డాను.

పామాయిల్ తోటలో కూలీల ఇళ్ల వరుసలో ఆమె మా పక్కింటావిడ. ఆ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చిందని బడిలో చదివాను గానీ, నూనెకే కాక ఇంకా దేనికి పనికొస్తుందో చూపించింది అత్తే. ఆకుల ఈనెలు చీరి చీపుర్లు కట్టేది, గెల పీచుతో పొయ్యి రాజేసేది. ముసలి చెట్లు కొట్టిన రోజున తలలోని మొవ్వు తీసి, కొబ్బరిపాలు పోసి వండేది. ఆఫ్రికా వాళ్లూ ఆ ఈనెలతో చీపుర్లు కడతారట అని చెబితే, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి నవ్వింది.

"మరేటనుకున్నావురా? సేతులున్నోళ్లందరికీ తెలుస్తాది లా!"

చదువయ్యాక ఆ తోటకే అసిస్టెంట్ మేనేజర్‌గా వచ్చాను. అందరి ముందూ "ఒరే" అంటుందేమోనని ఆ ఇళ్ల వైపు వెళ్లడం మానేశాను. ఆ ఏడాది ముసలి చెట్లను చంపడానికి మానులు తొలిపించి మందు పోయించాను. మలయ్ భాషలో హెచ్చరిక బోర్డు పెట్టించి చేతులు దులుపుకున్నాను. అత్తకు చదువు రాదని నాకు తెలుసు. చెట్టు కూలితే కత్తి పట్టుకుని మొదట వెళ్లేది ఆమేనని ఇంకా బాగా తెలుసు.

యంత్రం చెట్లను పడేసిన మర్నాడు ఆమె టిఫిన్ క్యారియర్‌తో ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"నీకిష్టం గదా బాబూ, పొద్దున్నే వండినాను. మనవలకి ఇంకా ఎట్టనేదు. ముందు నువ్వు తిను."

"ఒరే" అనలేదు.

"ఏ చెట్టుది అత్తా?"

"బోర్డు కాడ పడిపోనాది సూడు, దానిదే."

అందులో విషం ఉందని ఎలాగో చెప్పాను. ఆమె నన్నే చూసింది.

"బోర్డు ఎట్టించినావు. నాలుగడుగులేసి ఓ మాట సెప్పనేకపోనావేటి?"

మోటార్‌సైకిల్ మీద ఆమెను ఎక్కించుకుని ఇంటికి పరుగెత్తాను. మూత పెట్టిన కూర కుండ అలాగే ఉంది. దాని ముందు మనవలిద్దరూ ఖాళీ పళ్లేలు పెట్టుకుని కూర్చున్నారు. కుండ గోతిలో ఒంపుతుంటే చిన్నది ఏడ్చింది. అత్త బతికున్నన్నాళ్లూ మళ్లీ మొవ్వు వండలేదు.

ఇప్పటికీ ఎక్కడ మందు పోయించినా ఇంటింటికీ వెళ్లి నోటితో చెబుతాను. చాలా జాగ్రత్తపరుడినని కూలీలు మెచ్చుకుంటారు. అది వింటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆ పిల్లలను కాపాడింది నా జాగ్రత్త కాదు, మొదటి ముద్ద నాకే పెట్టాలనుకున్న అత్త ప్రేమ.