తాడు కట్టిన చోట వయ్యారిభామ

మన్సూరాబాద్‌లో మా ఇంటి పక్క ప్లాటును అందరూ ఖాళీ జాగా అంటారు. మా మేడ మీద కిరాయికి ఉండే అమ్మాయి మాత్రం ఆ మాట ఒప్పుకునేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదివేది. ఆ వానాకాలం ప్లాటులో నాలుగు మేకులు పాతి, మీటరు పొడవు, మీటరు వెడల్పున తాడు కట్టింది. ప్రతి ఆదివారం పొద్దున దాని పక్కన గొంతుక్కూర్చుని, లోపల ఏయే మొక్కలున్నాయో, ఏ రకం ఎన్ని ఉన్నాయో రాసుకునేది. ఒకే చోటును పంచుకుని బతికే జీవులన్నీ కలిసి ఒక సముదాయమనీ, దాని గురించి ఏం చెప్పాలన్నా ముందు లెక్క పెట్టాలనీ నాకు వివరించింది. గునుగు, గరిక, తుమ్మి, ఉత్తరేణి ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ వయ్యారిభామే, అదే కాంగ్రెస్ గడ్డి.

ఆ మొక్కంటే నాకు ఒళ్లు మంట. తాకితే దద్దుర్లు, గాలి పీలిస్తే ఆయాసం. చెడును వేళ్లతో సహా పెకలించాలని హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ని, ఇంటి పక్కన దాన్ని ఎలా సహిస్తాను? ఒక శనివారం సాయంత్రం, వాన వెలిసి నేల మెత్తబడ్డాక, తాడు లోపలి వయ్యారిభామ మొత్తం పీకి గోడ వారన కుప్పేశాను. తాడు బయటివి పీకేలోపు మళ్లీ చినుకులు పడ్డాయి. మిగతా మొక్కలు ఊపిరి పీల్చుకుంటాయని, అమ్మాయి సంతోషిస్తుందని అనుకున్నాను.

మర్నాడే ఆమె ఆఖరి లెక్క. ఆ వారమే కాలేజీలో రిపోర్టు ఇవ్వాలి. బతుకమ్మ దగ్గరపడటంతో వెనకింటి అవ్వ అప్పటికే ప్లాటులో, తాడు బయట గునుగు పూలు కోస్తోంది.

“ఏంది అవ్వా గిది?” అని అరిచింది అమ్మాయి వస్తూనే. “తాడు కనబడలేదా? మూడు నెలల కష్టం ఆగమైంది!”

“నేనేం జేసిన బిడ్డా?”

“రోజూ పూలకొచ్చేది నువ్వే గదా!”

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “నీ తాడుల గునుగు ఒక్కటి ముట్టలే, చూసుకో. అయినా వయ్యారిభామతోని ఎవలన్న బతుకమ్మ పేరుస్తరా? అది పెడితే ఆడేటోళ్లంత గోక్కుంట తిరగాలె!”

గేటు దగ్గర చాయ్ గ్లాసుతో నిలబడి వింటున్నాను. బాబాలను, స్వాములను రుజువులడిగిన మనిషిని. అవ్వ రుజువు చూపించింది. రెండో రుజువు నా మోచేతుల దాకా ఎర్రగా పొంగి ఉంది. అయినా ముందు గ్లాసులో చాయ్ అంతా తాగాను. ఆ గుక్కలు ఇప్పటికీ నన్ను గుచ్చుతాయి.

“పీకింది నేను తల్లీ,” అన్నాను చివరికి. “చెడ్డ మొక్క గదా, మంచి జేద్దామని...”

“మంచిదా చెడ్డదా అని నేను రాయను అంకుల్. ఉన్నదా, ఎంత ఉన్నది, గంతే రాస్త.” కళ్లు తుడుచుకుంది.

ఏ చర్చావేదిక మీదా నాకు అంత పొట్టి జవాబు ఎదురుకాలేదు. వయ్యారిభామ మేలు చేస్తుందని ఇప్పటికీ అనను. కానీ ఎవరెవరు ఎక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసుకోకముందే తీర్పు చెప్పడం నేను జీవితమంతా ఎదుటివాళ్లలో తప్పుపట్టిన పనే.

“పీకినయి ఏడేసిన్రు సారూ?” అంది అవ్వ. గోడ వైపు చూపించాను. “వేర్లున్నయి గదా. వేరుకొకటి లెక్క. ఏడ్వకు బిడ్డా, రా. మీరు ముట్టకున్రి సారూ, చేసింది చాలు. లెక్క జెప్పున్రి.”

అవ్వ చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని చిక్కులు విడదీసింది. నేను లెక్క చెప్పాను. అమ్మాయి రాసుకుంది. ముప్పై ఏడు. పీకాక లెక్కపెట్టినవని, చిన్న మొలకలు తప్పిపోయి ఉండవచ్చని కూడా దాచకుండా రాసింది. ఆ కింద ఇంకో వరుస చేర్చి నాకు చూపించింది: మనిషి, ఒకటి.

“నన్ను గూడ రాయి,” అంది అవ్వ, గునుగు కట్ట చంకన పెట్టుకుంటూ. “ఏటా ఈ జాగల పూలు కోసేది నేనే గదా.”

అమ్మాయి ఒకటి కొట్టేసి రెండు అని రాసింది.